‘ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి’ అన్నవాళ్లకు ఏమివ్వాలి?

వేసవి సెలవులు దగ్గర పడుతుంటే తిరుపతిలో మా గ్రంథాలయంలో సిఫారసుల అర సర్దడం మొదలుపెడతాం. బడి పిల్లలు, పోటీ పరీక్షల వాళ్లు, రిటైరైన పెద్దలు, అందరికీ అదే అర. ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఒకటే. పుస్తకం ఎంత గొప్పదన్నది తర్వాత, అడిగినవాళ్లు ఇదివరకు దేన్ని చివరిదాకా చదివారన్నది ముందు.

“మీకు ఎలాంటివి ఇష్టం?” అని అడిగితే “ఏదైనా పర్లేదు మేడమ్” అంటారు. దాంతో ఏమీ తేలదు. అందుకే రెండు విషయాలు అడుగుతాను: ఆఖరున పూర్తిగా చదివింది ఏది, సగంలో వదిలేసింది ఏది. వదిలేసిన పుస్తకమే ఎక్కువ దారి చూపిస్తుంది. అక్షరం చిన్నదై వదిలేశారా, పాత్రలు ఎక్కువై తికమకపడ్డారా, గ్రాంథికం అడ్డొచ్చిందా? కారణం తెలిస్తే తర్వాతి పుస్తకం ఎంచడం తేలిక.

పిల్లల దగ్గర తరగతి చూసి ఇస్తే తప్పుతుంది. ఇంగ్లీషు మీడియంలో అయిదో తరగతి చదివే పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతుంది, ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి పైకి చదవమంటాం. ఆ పేజీలో అయిదు మాటలకు మించి తడబడితే ఇంకాస్త తేలికది వెతకాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి కుట్టుకోవచ్చు. వాటికి నాలుగు మెట్లు. మొదటి మెట్టు కథలో 250 మాటల లోపే, రెండోదానిలో 600 దాకా, మూడోదానిలో 1500 దాకా ఉంటాయి. “ఇది నీకు కష్టం” అని మాత్రం పిల్లల ముందు అనకూడదు. సరిపోయే మెట్టులోవి మూడు ముందు పెట్టి, ఎంచుకోమంటే చాలు. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఇక్కడ బాగానే ఉన్నారు. వాళ్లకు ముందు మేమే ఆ కథ చదివి వినిపించి, తర్వాత అదే పుస్తకం చేతికిస్తాం.

పెద్దవాళ్లకు మొదట చూడాల్సింది అచ్చు. అక్షరం సైజు 16 పాయింట్లు, ఆపైన ఉంటే హాయిగా చదువుతారు. పాత ముద్రణల్లో ఒత్తులు కింది వరుసకు అంటుకుపోయి, కాగితం గోధుమరంగుకు తిరిగి, మంచి పుస్తకం కూడా రెండు పేజీలకే మూతపడుతుంది. బరువు కూడా చూడాలి. పడుకుని చదివేవాళ్లకు 400 పేజీల అట్ట పుస్తకం చేతుల్లో నిలవదు. పురాణాలు అడిగేవాళ్లకు తితిదే ప్రచురణలు అందుబాటు ధరలో ఉంటాయి. అయితే పద్యం కింద తాత్పర్యం ఉందో లేదో చూసే ఇవ్వాలి. ఉత్త మూలం ఇస్తే మొహమాటానికి తీసుకెళ్లి అలాగే తెచ్చిస్తారు.

పోటీ పరీక్షల పుస్తకాలకు చూడాల్సింది అచ్చయిన సంవత్సరం. 2022 ఏప్రిల్ 4కి ముందు అచ్చయిన ఆంధ్రప్రదేశ్ భూగోళంలో 13 జిల్లాలే ఉంటాయి, అసలు తిరుపతి జిల్లాయే కనిపించదు. అలాంటివి అరలో ఉంచం.

ఇక చీటీ. అరలో ప్రతి పుస్తకానికీ పోస్టుకార్డు అంత అట్ట మీద నాలుగు వరుసలు రాస్తాం. ‘అద్భుతం’, ‘తప్పక చదవాలి’ అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. పాఠకుడి సమయం ఆదా చేయాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రంగా చెప్పారు. చీటీ చేయాల్సిన పని అదే. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’కి ఇలా రాశాం: “ఒక ముసలాయన తప్పిపోయిన పంది కోసం అడవిలోకి పోతాడు. చిన్న నవల. నెత్తురు, చావు ఉన్నాయి, చిన్నపిల్లలకు వద్దు.” నామిని కథలకు: “మన చిత్తూరు మాట. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు మొదటి కథ పైకి చదువుకోండి, చెవికి పట్టుకుంటుంది.” మధురాంతకం రాజారాం కథలు బస్సులో చదవడానికి ఇస్తాం. చిత్తూరు చేరేలోపు ఒకటి రెండు హాయిగా అవుతాయి. పుస్తకం పూర్తిగా చదివినవాళ్లే చీటీ రాయాలి, కింద పొడి అక్షరాలు వేయాలి. సందేహం ఉంటే ఎవరిని అడగాలో అప్పుడు తెలుస్తుంది.

అరలో 24 పుస్తకాలు మించనివ్వం, ఎక్కువైతే ఎవరూ ఎంచలేరు. అట్టలు ఎదురుగా కనబడేలా పెడతాం. కింది వరుస పిల్లలది, మోకాళ్ల నొప్పులవాళ్లు వంగకుండా కంటికి ఎదురుగా ఉన్నది పెద్దలది. పుస్తకం బయటికి పోయినా చీటీ అక్కడే ఉండాలి, దాని వెనక తర్వాతివాళ్లు పేరు రాసుకుంటారు. చీటీ కూడా పుస్తకంతో పోతే ఖాళీ మిగిలి, మొదటి వారానికే అర బోసిపోతుంది.

పుస్తకం ఇచ్చినప్పుడల్లా ముద్ర వేసే తేదీల కాగితం నెలకోసారి చూస్తాం. ఒక్క ముద్ర కూడా పడకపోతే ముందు మార్చేది చీటీని. కొత్త చీటీతో మరో నెల ఉంచినా కదలకపోతేనే పుస్తకం బీరువాకు తిరిగి పోతుంది. తిరిగిచ్చేవాళ్లను “చదివారా?” అని అడగం, అందరూ ఆఁ అనే అంటారు. “ఎంతవరకు వచ్చారు?” అని అడుగుతాం. చెప్పిన పేజీ సంఖ్యను చీటీ వెనక పెన్సిల్‌తో రాసుకుంటాం. ముగ్గురు ఇంచుమించు ఒకేచోట ఆగారంటే, “మొదటి 30 పేజీలు నిదానంగా నడుస్తాయి, ఓపిక పట్టండి” అని చీటీకి ఒక వరుస కలుపుతాం.