మూలా నక్షత్రం వెనుక

శరన్నవరాత్రులలో మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ సరస్వతీదేవి అలంకారంలో దర్శనమిస్తుంది. ఆ రోజు క్యూలైను ఎంత పొడవుంటుందో బెజవాడ వారికి చెప్పనక్కరలేదు. ఒక ఏడాది సాయంత్రం వినాయకుడి గుడి దగ్గర ఆ వరుసలో నిలబడ్డాను. నా ముందు, తండ్రి భుజాల మీద కూర్చున్న చిన్నపాప చేతిలో కొత్త పలక ఉంది. చెక్క చట్రానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. కృష్ణమ్మకు పైన, నైరుతి ఆకాశంలో, సగం నిండిన చంద్రుడు కనబడుతున్నాడు.

చంద్రుడు మూలతో కూడి ఉన్నాడని పంచాంగం చెప్పే ఆ చోటికి వెనుక ఏముందో తెలిసిన నాటి నుంచి, ఆ వరుసలో నిలబడినప్పుడల్లా నా ఒళ్లు పులకరిస్తుంది. మన పాలపుంత కేంద్రం ఆ దిక్కుననే, మూలా నక్షత్ర భాగంలోనే ఉంది. చంద్రుని వెలుగు మనల్ని చేరడానికి 1.3 సెకన్లు చాలు. ఆ కేంద్రం నుంచి బయలుదేరిన వెలుగుకు సుమారు 26,000 ఏళ్లు కావాలి. అక్కడ 40 లక్షల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉంది. దాని చుట్టూ మెరిసే వలయాన్ని 2022లో శాస్త్రజ్ఞులు లోకానికి చూపించారు. మన సూర్యుడు గ్రహాలన్నిటినీ వెంటబెట్టుకుని ఆ కేంద్రానికి ఒక్క ప్రదక్షిణ పూర్తి చేసేసరికి 20 కోట్ల ఏళ్లు దాటిపోతాయి. మూలమంటే వేరు, మొదలు. పెద్దలు ఇదంతా తెలిసే ఆ పేరు పెట్టారని నేను వాదించను. పేరు అలా కుదిరింది, చేతులు జోడించడానికి నాకు అది చాలు.

‘యా కుందేందు తుషారహార ధవళా’ అని అమ్మను స్తుతిస్తాము. మొల్లపువ్వు, చంద్రుడు, మంచు: అన్నీ తెలుపే. బెజవాడ దీపాల కాంతిలో పాలపుంత కనబడదు కానీ, ఒక వేసవి అమావాస్య రాత్రి హంసలదీవిలో, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట, దానిని కళ్లారా చూశాను. విడివిడిగా కంటికి ఆనని కోటానుకోట్ల సూర్యుల వెలుగు ఒక్కటై, దక్షిణాన నీళ్ల మీద నుంచి నడినెత్తి దాకా తెల్లగా పరుచుకుని ఉంది. చిన్నప్పటి నుంచి అలవాటుగా చదువుతున్న ‘ఆద్యాం జగద్వ్యాపినీం’, అంటే అన్నిటికీ మొదలై జగమంతా నిండిన తల్లి అన్న మాట ఆ రాత్రి గొంతులో ఆగిపోయింది.

వరుస కదిలి గర్భాలయం ముందుకు వచ్చేసరికి చాలా పొద్దుపోయింది. తెల్లని పట్టుచీరలో, వీణతో అమ్మ కూర్చుని ఉంది. పాప నిద్రపోతోంది. తండ్రి ఆమె చేతిలోని పలకను మెల్లగా తీసుకుని, రెండు చేతులతో అమ్మవైపు ఎత్తి పట్టుకున్నాడు.