స్పాంజి బాగానే ఉంది, ఎయిర్ స్టోన్ మొరాయిస్తోంది

నా రొయ్యల తొట్టెలోని ఫిల్టరు నీటిని ఎంత వేగంగా తోడుతోందో, దాని గొట్టం మూతి కింద కప్పు పట్టి కొలుస్తుంటాను. శుభ్రం చేసిన రోజున 9 సెకన్లలో నిండిన 250 మి.లీ. కప్పుకు ఇప్పుడు మళ్లీ 20 సెకన్లు పడుతోంది. గంటకు 100 లీటర్లు తోడిన స్పాంజి ఫిల్టరు (ఎయిర్ పంపు బుడగలు గొట్టంలో నీటిని పైకి లేపుతుంటే, స్పాంజి గుండా నీరు లాగి వడకట్టేది) 45 లీటర్లకు దిగజారిందన్నమాట. 40×20×25 సెం.మీ. తొట్టెలో 22 సెం.మీ. ఎత్తున ఉన్న పదిహేడున్నర లీటర్ల నీటికి ఈ వేగమైనా చాలునని సరిపెట్టుకోవచ్చు గానీ, వారం తిరక్కుండానే సగానికి పడిపోయిన ప్రవాహం ఇంకా ఎంతకు దిగుతుందోనన్నదే నా బెంగ.

నీటిలో పేరుకుంటే రొయ్యలకు విషమయ్యే అమ్మోనియా, నైట్రైట్ సున్నా దగ్గరే ఉన్నాయి. నైట్రేట్ 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది). రొయ్య పిల్లలు స్పాంజి మీద హాయిగా మేస్తున్నాయి.

మొదట స్పాంజినే అనుమానించాను. తొట్టెలోంచి తీసిన నీళ్లలో పిండి పెట్టినా కప్పుకు 19 సెకన్లు పట్టింది. స్పాంజిని పూర్తిగా తీసేసి ఉత్త గొట్టంతో చూసినా 18కి మించి మెరుగుపడలేదు. చెక్ వాల్వు (నీరు వెనక్కి పంపులోకి పోకుండా ఆపే చిన్న కవాటం) తీసి చూస్తే తేడా ఏమీ లేదు. ఎయిర్ పంపు గొట్టాన్ని కొసనుండే ఎయిర్ స్టోన్ (గాలిని చిన్న బుడగలుగా చీల్చే సన్న రంధ్రాల రాయి) లేకుండా అదే లోతున ముంచితే గాలి ధాటిగానే వచ్చింది. నీరు ఆవిరై మట్టం తగ్గినా ప్రవాహం పడిపోతుంది కనుక (నీరు బయటికి పడే వంపు గొట్టం, అంటే ఎల్బో, మూతిని నీటికి 1 సెం.మీ. బదులు 2 సెం.మీ. ఎత్తున పెడితే 9 సెకన్లు కాస్తా 13 అయ్యాయి) ప్రతిసారీ గీత వరకు నీళ్లు నింపాకే కొలిచాను.

ఇక మిగిలింది లోపలి ఎయిర్ స్టోన్. కొత్తలో రాయి ఒళ్లంతా సన్నని బుడగలు వచ్చేవి. ఇప్పుడు కింది సగం నుంచి ఒక్క బుడగైనా రాదు. పై అంచున ఒకే చోట శనగగింజంత బుడగలు ఎగదన్నుతున్నాయి. పెద్ద బుడగ నీటిని మోయకుండా పక్కనుంచి జారిపోతుంది కనుక, గాలి అంతే వస్తున్నా నీరు తక్కువ లేస్తుంది. వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే పొంగు రాలేదు కాబట్టి ఇది సున్నపు పొర కాదనుకుంటున్నాను. గోరుతో గీస్తే గోధుమరంగు జిగురు వచ్చింది. పంపు ఆగినప్పుడల్లా నీటితోపాటు సన్నని మడ్డి రంధ్రాల్లోకి చేరి అక్కడే జిగురు కడుతోందని నా ఊహ. పల్చటి బ్లీచులో నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్ విరిచి బిగిస్తే 10 సెకన్లకు వచ్చింది గానీ, కొన్నాళ్లకే మళ్లీ ఇదే కథ.

రాయి తీసేస్తే 14 సెకన్ల దగ్గర నిలకడగా ఉంది. అయితే ఆ గుడగుడ చప్పుడును పడకగదిలో భరించడం కష్టం. అందుకే గొట్టం కొసను మూసి, కాల్చిన సూదితో చుట్టూ మిల్లీమీటరు బెజ్జాలు పొడిచాను. ప్రస్తుతానికి 12 సెకన్లు, చప్పుడు సగం. మరీ సన్న రంధ్రాల సిరామిక్ రాళ్లు చిన్న పంపులకు అనవసరపు బరువేనని నా అభిప్రాయం: 22 సెం.మీ. లోతుకు పంపు ఎలాగూ 2.2 కిలోపాస్కల్ పీడనాన్ని నెట్టాలి, దానికి రాయి అడ్డు కూడా తోడవుతుంది.

అక్వేరియం పరికరాల కంపెనీ ఎహైమ్ వారి, బుడగల పరిమాణాన్ని తిప్పి సరిచేసుకునే డిఫ్యూజరు (ఎయిర్ స్టోన్ బదులు బుడగలు వదిలే పరికరం) ఈ గొట్టంలో పడుతుందో లేదో కొలవాలి. ఎక్స్‌వై-380 అనే స్పాంజి ఫిల్టరు నమూనాలోని జంట స్పాంజీలు ఇంత చిన్న తొట్టెలో చోటంతా తినేస్తాయి గనుక వాటి జోలికి వెళ్లను. ముందుగా పంపును నీటిమట్టానికి పైన ఉన్న అరమీదికి మార్చి, బెజ్జాల సంఖ్యను రెట్టింపు చేసి మళ్లీ కప్పు పట్టి చూస్తాను.