బండి కదిలినా మాట పడ్డాను

కువైట్‌లో వేసవి వచ్చిందంటే మా వర్క్‌షాపుకు తెల్లవారుజామే అసలు పని వేళ. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదన్నది ఇక్కడి నిబంధన. అందుకని కూలీలను సైట్లకు చేర్చే బస్సులన్నీ చీకటితోనే బయలుదేరాలి. ఆ వేళప్పుడు ఒక్క బస్సు మొరాయించిందంటే ఎంతోమంది టిఫిన్ డబ్బాలు పట్టుకుని దాని చుట్టూ నిలబడిపోతారు.

మొన్న అలాగే ఒక బస్సు మొండికేసింది. డ్రైవర్ తాళం తిప్పగానే ఒక్కసారి 'టక్' మని చప్పుడు, ఆపైన ఏమీ లేదు. మా హెల్పర్ కుర్రాడు మనవాడే. "అన్నా, బ్యాటరీలు మార్చేద్దామా?" అంటూ అప్పటికే ట్రాలీ వైపు నడుస్తున్నాడు. ఆగమన్నాను. హెడ్‌లైట్లు వేయించి మళ్లీ తాళం తిప్పించాను. చప్పుడు అదే, లైట్లు మాత్రం ఏమాత్రం మసకబారలేదు. బ్యాటరీ నీరసించి ఉంటే సెల్ఫ్, అంటే ఇంజన్‌ను తిప్పే మోటారు, బరువు మీద పడగానే లైట్లు కుంగిపోవాలి. కుంగలేదంటే బ్యాటరీలో సత్తువ ఉంది, అది సెల్ఫ్‌కు చేరడం లేదు. లావుపాటి జంపర్ కేబుల్ తెప్పించి ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస నేరుగా ఇంజన్ బ్లాక్‌కు తగిలించాను. ఈసారి ఇంజన్ ఒక్క ఊపులో అందుకుంది. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, వచ్చే ఎర్త్ పట్టీని లోపల తుప్పు తినేసింది. సెల్ఫ్ కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారి అదే. కొత్తది బిగించాం, బస్సు వేళకే వెళ్లింది.

మా సూపర్‌వైజర్ శ్రీలంకకు చెందిన పెద్దాయన. చేసిన పని రాసిపెట్టే జాబ్ కార్డు చూసి నన్ను పిలిచారు. మెచ్చుకుంటారనుకుని వెళ్లాను.

"రీడింగు ఏది?"

బస్సు కదిలింది కదా అన్నాను.

"బస్సు కదిలిన సంగతి నాకూ తెలుసు. పట్టీ దగ్గర ఎన్ని వోల్టులు పోతున్నాయి? కొత్తది వేశాక ఎన్ని? ఇక్కడ ఏమీ రాయలేదే."

చప్పుడు విని కనిపెట్టానని, కేబుల్ పెట్టి రుజువు కూడా చూసుకున్నానని చెప్పాను. ఆయన కోప్పడలేదు. వచ్చీరాని హిందీలో మెల్లగా అన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటోంది. "నువ్వు సెలవు మీద ఇంటికి వెళ్తే నీ చెవి కూడా నీతోనే వెళ్తుంది. కాగితం ఇక్కడ ఉంటుంది."

ఆ సాయంత్రం బస్సు తిరిగి వచ్చాక, తీసేసిన పాత పట్టీని మళ్లీ బిగించమన్నారు. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, మరో కొస ఇంజన్ బ్లాక్ మీద పెట్టి తాళం తిప్పించారు. 12 వోల్టులు! మొత్తం 24 వోల్టుల బండిలో సగం ఆ ఒక్క పట్టీ దగ్గరే ఆవిరైపోతోంది. కొత్త పట్టీతో చూస్తే అర వోల్టు కూడా లేదు. ఆ రెండు అంకెలూ నాచేతే రాయించారు.

ఆ మాట ఎందుకు గుచ్చుకుందో అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. విమానం ఎక్కేటప్పుడు తూకం లేకుండా తెచ్చుకున్నది ఈ చెవి ఒక్కటే. మన దగ్గర మేస్త్రి కింద పని నేర్చుకున్నవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు. బండి ఆగిపోయిందని ఎవరైనా వస్తే మేస్త్రి ముందు పానా పట్టేవాడు కాదు. "ఒకసారి సెల్ఫ్ కొట్టు" అని పక్కకు తిరిగి నిలబడేవాడు. బానెట్ ఎత్తేలోపే సగం తేలిపోయేది.

ఇదేదో మాయ అన్నట్టు ఇక్కడ కొందరు చూస్తారు కాబట్టి చెబుతున్నాను. "స్టార్ట్ కావడం లేదు" అన్న ఒక్క మాట కింద పది జబ్బులు ఉంటాయి. ఇంజన్ అసలు తిరగడం లేదా, తిరుగుతున్నా అందుకోవడం లేదా అన్నది మొదట తేల్చుకోవాలి. టకటకమని వరుసగా కొట్టుకుంటే చాలాసార్లు బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినల్ వదులైందనో అర్థం. ఒకే ఒక్క టక్ అయితే సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్ లాంటి సొలినాయిడ్, సెల్ఫ్‌లోని కార్బన్ బ్రష్‌లు, కేబుళ్లు, ఎర్త్, వీటి వైపు చూడాలి. జీమని ఖాళీగా తిరిగే సెల్ఫ్ పళ్లు ఇంజన్ చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, పట్టుకోవడం లేదు. ఇంజన్ ఎప్పుడూ లేనంత తేలికగా, ఒకే వరసలో గిరగిరా తిరుగుతోందంటే కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి నొక్కుడు, లేదు, టైమింగ్ బెల్టు తెగిందేమో చూడాలి. ఆటోమేటిక్ బండి ఏ చప్పుడూ చేయకపోతే గేరును న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించాలి. లీవర్ దగ్గరి స్విచ్ మొరాయించినా సెల్ఫ్‌కు కరెంటు అందదు. ఇంజన్ తిరుగుతూ కూడా అందుకోని డీజిల్ బండికైతే సైలెన్సర్ వైపు చూడాలి. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ చేరుతోంది కానీ మండడం లేదు. పొగే లేదంటే డీజిల్ చేరడమే లేదు. ఫిల్టర్ మూసుకుపోయిందా, లైనులో గాలి పట్టిందా అని చూసి హ్యాండ్ పంపుతో గాలి తీయాలి. వీటిలో ఒక్కదానికీ మీటర్ అక్కర్లేదు. చెవి, కన్ను, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఇది మన ఒక్కరి విద్య కూడా కాదు. 1912లో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చే వరకు లోకంలో ఎక్కువగా పెట్రోలు బండిని హ్యాండిల్ తిప్పే స్టార్ట్ చేసేవాళ్లు. హ్యాండిల్ తిప్పినవాడికి కంప్రెషన్ ఎంత ఉందో భుజానికే తెలిసేది. ఆ తర్వాత ఎక్కువ చోట్ల మరచిపోయిన జ్ఞానాన్ని మన షెడ్లు చాలాకాలం కాపాడుకున్నాయి. మనకు కొత్త బ్యాటరీ అంటే ఆలోచించాల్సిన ఖర్చు. ఊరికే మార్చి చూద్దాం అనే స్తోమత లేనిచోట చెవి పదునెక్కక తప్పదు. బస్సు ఆగితే దిగి తోయడం కూడా మనకు నామోషీ కాదు, గేరు బండికి అదీ ఒక మార్గమే. ఇక్కడ ఆ మాట చెబితే నవ్వుతారు.

అయితే సూపర్‌వైజర్ ఎందుకలా పట్టుబట్టారో మీటర్ పట్టుకున్నప్పుడు కనిపించింది. ఇక్కడ బండి కదలకపోతే అందరి నోటా మొదట వచ్చే మాట బ్యాటరీ. అందులో న్యాయం ఉంది. 2016 జూలైలో ఇదే దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. చలి బ్యాటరీని చంపుతుందని చాలామంది అనుకుంటారు. లోపల నీరు ఆవిరి చేసి, పలకల చట్రాన్ని తినేసేది వేడి. చలికాలం వచ్చాక ఆ నష్టం బయటపడుతుంది, అంతే. కాబట్టి అనుమానం సరైనదే. కానీ అనుమానం మీదే మార్చేస్తే మంచి బ్యాటరీలు కూడా పాత సామాను గుట్టలో చేరతాయి. 12 వోల్టుల బ్యాటరీని కాసేపు కదపకుండా ఉంచి చూస్తే 12.6 దగ్గర ఉండాలి. 12.2కు వచ్చిందంటే సగం ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సుమారు 9.6 కంటే దిగకూడదు. ఈ మూడు అంకెలు చూపిస్తే కొత్త బ్యాటరీ ఇచ్చే స్టోరు వాడు నోరెత్తడు. నా చెవి ఎంత మంచిదైనా స్టోరు కిటికీ దగ్గర చెల్లదు.

ఎర్త్ సంగతి ఇంకా సూక్ష్మం. బస్సు సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. 500 ఆంపియర్లు పారుతున్నప్పుడు దారిలో 0.01 ఓమ్ అడ్డు ఉంటే చాలు, 5 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మీటర్‌కు అంత చిన్న అడ్డు ఓమ్‌లలో అందదు. బండి ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే పట్టీ నిక్షేపంగా ఉన్నట్టే చూపిస్తుంది. తాళం తిప్పిన క్షణంలో వోల్టులు కొలిస్తేనే దొంగ దొరుకుతాడు. ఇది ఆయన దగ్గరే నేర్చుకున్నాను, దానికి ఆయనకు రుణపడి ఉంటాను.

ఇంకోటి. మా షెడ్డులో నేపాలీలు, ఈజిప్టువాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మనవాళ్లు కలిసి పని చేస్తాం. రాత్రి షిఫ్టులో ఉన్న మనిషికి నేను విన్నదాన్ని ఏ భాషలో చెప్పను? 12 అని రాస్తే అందరికీ 12. పరాయి దేశంలో అంకె చేసే ఈ మేలు మన ఊళ్లో ఉన్నంతకాలం నాకు అవసరపడలేదు. అక్కడ పక్క బెంచీ వాడికి కనుబొమ్మ ఎగరేస్తే చాలు.

ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక మాట చెప్పాలి. మీటర్ ఎక్కడ పెట్టాలో మీటర్ చెప్పదు. కొత్తగా వచ్చిన మెకానిక్కులు బండిలోని కంప్యూటర్ నుంచి లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌ను నేరుగా తగిలిస్తారు. వోల్టేజీ పడిపోయిన బండి స్కానర్‌లో సంబంధం లేని కోడ్‌లు కూడా చూపిస్తుంది. వాటి వెంటపడి సెన్సర్లు విప్పుతూ కూర్చున్నవాళ్లను చూశాను. కారణం తీరా చూస్తే వదులైన టెర్మినల్! అక్కడ ఒక్కసారి తాళం తిప్పించి విన్నా చాలు. ఆ వినడం కాగితం మీద లేదు కాబట్టి పనిలో కూడా లేదన్నట్టు చూడడమే నాకు నచ్చదు. బతుకుతెరువు కోసం వచ్చినవాడి దగ్గర చేతులే కాదు, నేర్చుకొచ్చిన విద్య కూడా ఉంటుంది.

అందుకే హెల్పర్ కుర్రాడికి రెండూ నేర్పుతున్నాను. ముందు వినాలి. బ్యాటరీయో, సెల్ఫో, ఎర్తో, డీజిలో నోటితో చెప్పాలి. ఆ తర్వాతే మీటర్ పెట్టాలి. అంకె వేరేగా వస్తే తాళం మళ్లీ తిప్పించి మళ్లీ వినాలి. వాడి చెవి అంకెకు దగ్గరవుతోంది.

జాబ్ కార్డులో చప్పుడుకు కూడా ఒక గడి కావాలని సూపర్‌వైజర్‌ను అడిగాను. చప్పుడుకు కొలత ఏముందన్నారు. డ్రైవర్ తాళం తిప్పినప్పుడు ఒక్కసారా, వరుసగానా, అసలు లేదా, ఈ మూడింటిలో ఒకటి టిక్కు పెట్టినా రాత్రి షిఫ్టు వాళ్లకు సగం పని తగ్గుతుందన్నాను. పై ఆఫీసుకు రాసి చూస్తానన్నారు. ఆ గడి వచ్చే వరకు రీడింగు పక్కనే నేను చేత్తో రాస్తున్నాను. ఆయన కొట్టివేయడం లేదు.