సలేశ్వరం లోయలోకి, చైత్ర మాసపు ఎండలో

నల్లమల అడవిలోని సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి జరుగుతుంది. అంటే సరిగ్గా ఎండలు ముదిరే రోజులు. అప్పటికి నల్లమలలో చాలా చెట్లు ఆకు రాల్చేసి ఉంటాయి. అడవిలో నడుస్తున్నామన్న మాటే గానీ తల మీద నీడ అంతంత మాత్రం.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దాటాక ఫర్హాబాద్ గేటు వస్తుంది. అక్కడి నుంచి అడవి బాటలో రాంపూర్ పెంట అనే చిన్న చెంచు పల్లె వైపు వాహనాలు వెళతాయి. ఆ తర్వాత నాలుగైదు కిలోమీటర్లు కాలినడకే. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట అనుమతి ఉండదు. ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది. మేము తెల్లవారకముందే వచ్చి గేటు దగ్గర వరుసలో నిలబడ్డాం. మా పెద్దక్క నర్సు. ఆమె పట్టుబట్టి తలా ఒక పెద్ద స్టీలు సీసా, ఓఆర్‌ఎస్ పొట్లాలు, తలకు చుట్టుకోవడానికి నూలు తువ్వాలు మోయించింది.

తిరుమలకో అహోబిలానికో నడిచేవారికి ముందు ఎక్కడం, తర్వాత దిగడం. ఒంట్లో బాగాలేకపోతే మధ్యలోనే వెనుదిరిగి దిగిపోవచ్చు. సలేశ్వరంలో లింగమయ్య, అంటే శివుడు, లోయ అడుగున కొలువై ఉన్నాడు. పొద్దున్నే చల్లగాలిలో, ఉత్సాహం మీద, "వస్తున్నాం లింగమయ్యా" అని అరుచుకుంటూ దిగిపోతాం. దర్శనం అయ్యేసరికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. కాళ్లు బరువెక్కుతాయి, సీసాలు ఖాళీ అవుతాయి, ఉపవాసం ఉన్నవారికి నీరసం మొదలవుతుంది. అసలు ఎక్కడం అప్పుడే మొదలవుతుంది. ఈ యాత్రలో ప్రమాదమంతా తిరుగు దారిలోనే ఉందని నా గట్టి నమ్మకం. అందుకే దిగేటప్పుడే, ఎంత బాగున్నా, ప్రతి మలుపులోనూ ఆగి రెండు గుక్కలు తాగాం. దాహం వేసేసరికే ఒంట్లో నీరు కొంత తగ్గిపోయి ఉంటుంది.

లోయ అందం గురించి చెప్పకుండా ఉండలేను. రెండు వైపులా నిటారుగా రాతిగోడలు, పైనుంచి సన్నగా పడుతున్న నీటిధార, గుహలో స్వామి. పూజ చేసేది చెంచులు. ఆ చల్లదనంలో ఒళ్లు తేలికైపోయింది. కానీ అక్కడా కళ్లు తెరుచుకునే ఉండాలి. నీళ్లు పడే చోట బండలు పాచి పట్టి జారుతున్నాయి. పైదారిలో నడిచేవారి కాళ్ల కింద నుంచి చిన్న రాళ్లు దొర్లుతుంటాయి. నల్లమల కొండచరియల్లో తేనెపట్టులు ఉంటాయి, పొగ తగిలితే ఈగలు లేస్తాయి. ఎండుటాకుల మీద నిప్పురవ్వ పడితే అడవే అంటుకుంటుంది. బీడీ ముట్టించబోయిన ఒకాయనను ఒక చెంచు పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపడం చూశాను. దండం పెట్టాలనిపించింది.

దర్శనం కాగానే బయలుదేరదామని మాలో కొందరన్నారు. అక్క ఒప్పుకోలేదు. రద్దీకి అడ్డం రాకుండా, గోడ నీడ పడిన చోట కూర్చున్నాం. తిన్నాం, తాగాం, తువ్వాళ్లు తడుపుకున్నాం. ఎండ తగ్గుముఖం పట్టాకే ఎక్కడం మొదలుపెట్టాం. చీకటి పడేలోగా అడవి దాటాలి కాబట్టి మరీ ఆలస్యం చేయడానికీ లేదు. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

సగం దారిలో ఒక తాత బండకు చేరగిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది, చొక్కా చెమటతో ముద్దయింది, పిక్కలు పట్టేశాయి. చుట్టూ పదిమంది మూగి గాలి ఆడకుండా చేశారు. అక్క అందరినీ పక్కకు జరిపి, ఆయన ముందు కూర్చుని, "తాతా, ఎవరితో వచ్చావు? ఇది ఏ ఊరి దారి?" అని అడిగింది. ఆయన మనవడి పేరు చెప్పాడు, సలేశ్వరం అన్నాడు. అక్క ముఖంలో బిగువు సడలింది. మాట తడబడకుండా, తెలివిలో ఉన్నాడంటే వడదెబ్బ దాకా పోలేదన్నమాట. నీడలోకి జరిపి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టించి, మెడకూ చంకలకూ తడిగుడ్డ అద్ది, ఓఆర్‌ఎస్ నీళ్లు గుక్కగుక్కగా పట్టించింది. పొట్లం మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నిట్లోనే కలపాలి. కొంచెం నీళ్లలో చిక్కగా కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ.

అదే మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పుతున్నా అది ప్రాణం మీదికి వచ్చినట్టే. చెమట పడుతోంది కదా అని ధైర్యం తెచ్చుకోకూడదు, నడిచి అలసినవారిలో వడదెబ్బకు చెమట ఆగాలనేమీ లేదు. ఒళ్లంతా తడిపి విసురుతూనే ఉండాలి, సాయానికి మనిషిని పరుగెత్తించాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు. రక్తపోటుకు, గుండెకు మందులు వాడేవారు ఇలాంటి నడకకు ముందు వైద్యుణ్ణి అడగడం తప్పనిసరి. కొన్ని మాత్రలు ఒంట్లోని నీటిని ఇంకా బయటికి పంపిస్తాయి.

అరగంటకు తాత తేరుకున్నాడు. ఆయన సంచి మేము తీసుకున్నాం. "పోయొస్తాం లింగమయ్యా" అని ఆయనే ముందు అన్నాడు. గుంపులో తప్పిపోయిన మనవడు మాత్రం ఇంకా దొరకలేదు. అడవిలో ఫోనులు పనిచేయడం లేదు. పైన వాహనాలు ఆగే చోట వెతకగా వెతకగా కనిపించాడు, ఏడుపు ఒక్కటే తక్కువ. ఈసారి మా పిన్నివాళ్లు వెళ్తామంటున్నారు. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో గేటు దగ్గరే అనుకోమని, పెద్దవాళ్ల పక్కన ఒకరు ఎప్పుడూ ఉండాలని వాళ్లకు ఇప్పటికే చెప్పాను.