కవలలకు ఎన్‌ఐపీటీ: ముందు మాయలు లెక్కపెట్టించండి

కడుపులో ఇద్దరున్నారని తెలియగానే పదో వారంలోనే ఎన్‌ఐపీటీకి (తల్లి రక్తంతో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటి లోపాల ముప్పు అంచనా వేసే పరీక్ష) రక్తం ఇచ్చేస్తుంటారు. కాస్త ఆగండి. 11–13 వారాల ఎన్‌టీ స్కాన్‌లో (బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచేది) మాయ (ప్లాసెంటా) ఒకటా రెండా తేలాక ఇస్తే రిపోర్టుకు అర్థం ఉంటుంది. ఇద్దరి మధ్య పొర మొదట్లో మాయ ముక్కోణంలా చొచ్చుకొస్తే మాయలు రెండు. పొర సన్నగా వచ్చి టీ అక్షరంలా తగిలితే ఒకటే. నెలలు గడిచేకొద్దీ ఈ గుర్తు మసకబారుతుంది.

తల్లి రక్తంలో దొరికే 'బిడ్డ' డీఎన్‌ఏ అసలు మాయ నుంచి వచ్చేదే. మాయ ఒక్కటే అయితే సాధారణంగా ఇద్దరి జన్యువులూ ఒకటే, పరీక్ష ఒక్క బిడ్డ ఉన్నట్టే పనిచేస్తుంది. చిక్కల్లా వేర్వేరు అండాల కవలలతోనే. ఫీటల్ ఫ్రాక్షన్ (తల్లి రక్తంలోని డీఎన్‌ఏలో బిడ్డల వాటా) 10 శాతం అని ఉంటే చెరో 5 అనుకోకండి. ఒకరిది 7, ఇంకొకరిది 3 కావచ్చు. 4 శాతం లోపు ఫలితాన్ని చాలా ల్యాబులు నమ్మవు. డౌన్ సిండ్రోమ్ ఆ 3 శాతం బిడ్డకే ఉంటే, పక్కబిడ్డ డీఎన్‌ఏ చాటున దాక్కుని 'లో రిస్క్' అని వచ్చేయొచ్చు. అందుకే ఒక్కొక్కరి వాటా విడిగా లెక్కగట్టే ల్యాబు మేలు. తల్లి బరువు ఎక్కువైనా, ఐవీఎఫ్ గర్భమైనా ఈ శాతం తగ్గి, మళ్లీ రక్తం అడిగే అవకాశం ఎక్కువ.

రక్తం తీసేచోట ఫారం మీరే చదివి నింపండి, హడావుడిలో 'కవలలు' గడి కూడా వదిలేస్తుంటారు. దాత అండమైతే దాత వయసు రాయాలి. మొదటి స్కాన్‌లో ఇంకో పిండం కనిపించి తర్వాత ఎదుగుదల ఆగిపోయి ఉంటే అది తప్పకుండా చెప్పాలి. దాని మాయ వారాల తరబడి డీఎన్‌ఏ వదులుతూనే ఉంటుంది. బతికున్న బిడ్డకు లేని లోపం రిపోర్టుకెక్కొచ్చు.

ఆడా మగా అని మాత్రం అడక్కండి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం చెప్పడం నేరం.

'హై రిస్క్' వచ్చినా ఏ బిడ్డకో రిపోర్టు చెప్పదు. అది ఖాయం చేసుకోవాలంటే 15 వారాలు దాటాక రెండు సంచుల నుంచీ విడివిడిగా ఉమ్మనీరు తీయాలి. ఏ గొట్టం ఎడమ బిడ్డది, ఏది కుడి బిడ్డది అన్నది బొమ్మ గీసి రాయించుకోండి. తల్లిది నెగెటివ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తానికి ఎదురుగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టకుండా ఆపేది) సంగతి అప్పుడే అడగాలి.

'లో రిస్క్' వచ్చిందని 18–20 వారాల స్కాన్ మానకండి. గుండె, వెన్ను లోపాలు ఈ పరీక్షకు అందవు. మాయ ఒక్కటే అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ తప్పదు, ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కువగా మళ్లుతోందా అన్నది అక్కడే తెలిసేది.