సంగటి ముద్ద కోసం సీమకి పోయాం

నాకు ట్రిప్ అంటే ముందు ఏం తింటాం అనేది సెటిల్ అవ్వాలి, ఏం చూస్తాం అనేది తర్వాత. మా ఆవిడ లిస్టులో గండికోట, బెలూం గుహలు ఉంటే నా లిస్టులో ఉగ్గాని, కారం దోశ, సంగటి ఉన్నాయి. లక్కీగా రెండు లిస్టులూ ఒకే రూట్‌లో పడ్డాయి కాబట్టి గొడవ లేకుండా డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి కారేసుకుని బయల్దేరిపోయాం. ప్రొద్దుటూర్లో నా ఫ్రెండ్ ఒకడున్నాడు, హాస్టల్ రోజుల నుంచీ "మీ గుంటూరోళ్ళకి కారం తప్ప రుచి తెలీదురా" అని ఏడిపిస్తాడు, నేనేమో మీ సీమోళ్ళకే కారం పిచ్చి అని తిరిగి అంటించేవాణ్ణి, ఇద్దరం ఒకరి ఊరికి ఒకరం పోకుండానే ఇన్నేళ్ళు వాదించుకున్నాం.

చీకటితోనే బయల్దేరితే టిఫిన్ టైంకి కర్నూల్లో ఉన్నాం. హైవే మీద పెద్ద పెద్ద ఏసీ హోటళ్ళు చాలానే ఉంటాయి గానీ వాటిల్లో ఎక్కడ తిన్నా అదే సాంబారు, అందుకని ఊళ్ళోకి పోయి కొండారెడ్డి బురుజుకి కాస్త అవతల ఒక సందులో బండి దగ్గర ఆగాం. అక్కడ ఆయన ఉగ్గాని చేస్తుంటే చూస్తూ నిలబడిపోయా. బొరుగులు దోసిళ్ళతో తీసి బకెట్లో నీళ్ళల్లో ముంచి, అవి మెత్తబడీ మెత్తబడకముందే రెండు చేతులతో గట్టిగా పిండేసి నేరుగా మూకుట్లో వేస్తాడు, అందులో అప్పటికే ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి నూరిన ముద్ద, కరివేపాకు, పసుపు మగ్గుతూ ఉంటాయి. చివర్లో పుట్నాల పొడి చల్లి రెండు తిప్పులు తిప్పి దించేస్తాడు. ఆ పొడే అసలు కిటుకు, పిండినా మిగిలిన తడిని అది పీల్చేసుకుని బొరుగులన్నీ దేనికది విడివిడిగా వస్తాయి, ఇంట్లో చేస్తే ముద్దయ్యేది ఇందుకేనన్నమాట అని మా ఆవిడ అప్పుడే కనిపెట్టేసింది.

"బజ్జీలు ఎన్నేమంటావన్నా?" అన్నాడు.

"ఒకటి చాలన్నా."

"ఒకటి యాడ సరిపోతాదన్నా, దాంట్లోకి పిసుక్కోని తినాల కదా" అని మూడు వేశాడు. నిజమే, మిరపకాయ బజ్జీని విడిగా కొరుక్కోకుండా ఉగ్గానిలోకి చిదిమి కలుపుకుని తింటే మెత్తగా ఉన్న బొరుగుల మధ్యలో కరకరలాడుతూ ఘాటు తగుల్తుంది. ఉగ్గాని విడిగా అయితే అసలు కారమే లేదు! నాకు అక్కడే ఫస్ట్ డౌట్ కొట్టింది, మనం సీమ తిండి గురించి చెప్పుకునేదంతా కరెక్టేనా అని.

అక్కణ్ణుంచి బనగానపల్లె మీదుగా బెలూం. మామిడికి అంత పేరున్న ఊరు, 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, మేం పోయింది డిసెంబర్‌లో కాబట్టి తోటల వంక చూసి నిట్టూర్చడం తప్ప ఏం లేదు. బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవంట, అందులో కిలోమీటరున్నర దాకా మనం నడవచ్చు, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే తెల్లాయన వీటి గురించి రాసి పెట్టాడు. లోపల ఉక్క మామూలుగా ఉండదు, పాతాళగంగ దాకా దిగి పైకొచ్చేసరికి చొక్కా పిండుకోవచ్చు. బాగుంది, తప్పకుండా చూడాలి, అంతే, నాకు మాత్రం బయటికొచ్చాక పుట్టిన ఆకలే గుర్తుంది.

కొలిమిగుండ్ల వైపు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒకామె జొన్నరొట్టెలు చేస్తోంది, పక్కన ఇంకో ఇద్దరు లారీవాళ్ళు తింటున్నారు. పిండిని వేణ్ణీళ్ళతో కలిపి చెక్క మీద చేత్తో తట్టుకుంటూ తిప్పుకుంటూ పోతుంది, కర్ర పెట్టి వత్తేది కాదు, అంచు ఎక్కడా చిట్లదు. పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో ఒకసారి తుడిచి తిప్పేసి, తర్వాత నిప్పుల మీదకి నిలబెడితే పూరీకి మల్లే పొంగింది. అందులోకి వంకాయ పుల్లగూర, చెనిక్కాయల ఊరిబిండి, నంజుకోడానికి పచ్చి ఎర్రగడ్డ. ఊరిబిండి అంటే వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ రోట్లో బరగ్గా నూరింది. మా వైపు పల్లీ చట్నీ అంటే ఇడ్లీ మీద పోసుకునే పల్చటి వ్యవహారం, ఇది అలా కాదు, పంటి కింద పలుకులు తగుల్తూ ఉండాలి. వాన తక్కువ, చెనిక్కాయ పండే నేల, ఇక ఏ కూరలో చూసినా అది ఉంటుందంటే ఉండదా మరి.

గండికోట చేరేసరికి సాయంత్రం. పెన్నా నది కొండని నిలువునా కోసుకుంటూ పోయిన లోయ, అంచున ఎర్ర రాళ్ళ మీద కూర్చుంటే కిందకి చూడ్డానికే కాళ్ళు వణుకుతాయి. కోట లోపల మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం అన్నీ నడక దూరంలోనే. ధాన్యాగారం దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఉన్నా, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

రాత్రికి ప్రొద్దుటూరు. అసలు కథ ఇక్కడే. వాళ్ళమ్మగారు మేం వచ్చేదాకా సంగటి గెలకలేదు, చల్లారితే పనికిరాదని. నేను వంటింటి గుమ్మంలోనే నిలబడ్డా. బియ్యం నానబెట్టి ఎక్కువ నీళ్ళతో మెత్తగా ఉడికించారు, దాని మీద రాగిపిండి గుట్టలా పోసి కట్టెతో మధ్యలో ఒక బొక్క పొడిచి, మూత పెట్టి సన్న సెగ మీద వదిలేశారు. కలపరేంటి ఉండలు కట్టదా అంటే, "ఇప్పుడు కలిపితేనే ఉండలు కడతాది నాయనా, పిండి ఆవిరికి ఉడకాల" అన్నారు. తర్వాత గిన్నె కిందకి దించి రెండు పాదాలతో అదిమి పట్టుకుని కట్టెతో గెలికారు చూడండి, అరవై దాటిన మనిషి, నాకైతే రెండు నిమిషాలకే భుజాలు పడిపోయేవి. తడి చేత్తో ముద్ద చేసి పళ్ళెంలో పెట్టి, నడిమధ్యన గుంట చేసి నెయ్యి, చుట్టూ నాటుకోడి పులుసు.

పొద్దున్నే మంట మీద కాల్చి పసుపు పూసిన కోడి, ధనియాలు, గసగసాలు, ఎండు కొబ్బరి నూరి వేసిన పులుసు. గట్టి మాంసం, నమలాలి, టైం పడుతుంది. సంగటి మాత్రం నమలకూడదు, పులుసులో అద్ది మింగెయ్యాలి, నేను నములుతుంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. సంగటికి దానంతట దానికి పెద్ద రుచేం ఉండదు, అందుకే పులుసు ఘాటుగా ఉన్నా నోరు మండదు, రెండూ కలిసి లెక్క సరిపోతుంది. విడిగా ఆ పులుసొక్కటే నాకి చూసి సీమోళ్ళది కారం అంటే ఎలా? "ఇప్పుడు చెప్పురా, ఎవురికి కారం పిచ్చి" అన్నాడు మావాడు. నోరు ఖాళీ లేక జవాబు చెప్పలేదు.

"ఇంకో ముద్ద ఏస్తా, మొహమాటపడొద్దు నాయనా" అన్నారు అమ్మగారు. మూడోది కూడా తిన్నా. మా ఆవిడ చూపులు నేను పట్టించుకోలేదు.

మర్నాడు కడపలో కారం దోశ, ఎర్రకారం మందంగా రాసి పైన పప్పుల పొడి చల్లి నెయ్యి పోసి ఇస్తారు. బాగుంది గానీ ముందు రోజు రాత్రి తిన్నదాని తర్వాత ఏం తిన్నా చిన్నగానే అనిపించింది పాపం, దోశ తప్పేం లేదు. పుష్పగిరి చూద్దామనుకున్నాం, పొద్దుపోయింది, వదిలేశాం.

ఎవరన్నా పోదామనుకుంటే చలికాలంలో పొండి, ఎండల్లో బెలూంలో దిగితే ఉడికిపోతారు. హైవే మీద తినకుండా ఊళ్ళలోకి దిగండి, ఉగ్గాని పొద్దున్నే అయిపోతుంది, పదింటికి పోతే ఖాళీ మూకుడే ఉంటుంది. సంగటి మాత్రం హోటల్లో కంటే ఎవరింట్లోనైనా దొరికితే బెటర్, మే నెలలో మామిడికి బనగానపల్లె మళ్ళీ పోతున్నాం కాబట్టి అమ్మగారికి ఫోన్ చేసి చెప్పేశా కూడా, ఈసారి కొర్ర సంగటి చేస్తామన్నారు.