కప్పలు, పిట్టలు, ఒక పాత వైబ్రాఫోన్: ఎనిమిది నెలల డైరీ

జనవరి

ఒకటిన్నర డాలరు. ఈ పిచ్చి మీద నేను పెట్టిన మొదటి ఖర్చు అది. తర్వాత పెట్టినవి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఇంటి దగ్గరున్న సెకండ్‌హ్యాండ్ షాపులో, పాత కోట్ల వెనక రికార్డుల పెట్టె ఒకటి ఉంటుంది. క్రిస్మస్ పాటలూ చర్చి పాటలూ పక్కకి తోసుకుంటూ పోతే వెదురు తెర వెనక నుంచి చూస్తున్న అమ్మాయి బొమ్మ కనిపించింది. మార్టిన్ డెన్నీ అనే పియానిస్టు చేసిన 'ఎక్సోటికా'. 1957లో వచ్చిన ఎల్పీ. ఈ తరహా సంగీతానికంతటికీ తర్వాత ఆ పేరే ఖాయమైపోయింది. కవరు మీదున్న మోడల్ శాండీ వార్నర్. డెన్నీ ఎల్పీలు చాలావాటి మీద ఆవిడే ఉంటుంది, జుట్టు రంగు మార్చుకుని.

ఇంటికి తెచ్చి పెట్టాను. ముందు చిటపటలు, తర్వాత పియానో ఎడమ చేత్తో ఒకే వరస తిప్పి తిప్పి వాయించడం, దాని మీద వైబ్రాఫోన్, అంటే లోహపు పలకల్ని కొట్టి వాయించే వాద్యం. ఉన్నట్టుండి ఒక కప్ప. ఆ వెంటనే ఎవరో మనిషి గొంతుతో అడవిపిట్టలా కూత. ఒక్కణ్ణే కూర్చుని పకపకా నవ్వాను. ఆ రాత్రి నాలుగుసార్లు విన్నాను.

ఆ కప్పల వెనక ఒక కథ ఉంది. హొనలూలూలో పారిశ్రామికవేత్త హెన్రీ కైజర్ కట్టించిన హవాయియన్ విలేజ్ హోటల్లో షెల్ బార్ అని ఉండేది. డెన్నీ బృందం అక్కడ వాయించేది. పక్కనే చిన్న కొలను, అందులో బోదురు కప్పలు. వీళ్ళు వాయిస్తే అవీ అందుకునేవట, వీళ్ళు ఆపితే అవీ ఆపేవట. బృందంలో పోర్టోరీకో మూలాలున్న ఆగీ కొలోన్ సరదాకి పిట్టల కూతలు మొదలుపెట్టాడు. మర్నాడు ఒకాయన వచ్చి, నిన్నటి ఆ కప్పల పాట మళ్ళీ వాయించమన్నాడట. సరదా కాస్తా పద్ధతైపోయింది. లెస్ బాక్స్టర్ అనే స్వరకర్త 1951లో పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన 'క్వయిట్ విలేజ్'ని డెన్నీ బృందం ఈ పద్ధతిలో వాయిస్తే, 1959లో అది అమెరికా పాటల పట్టికలో 4వ స్థానానికి ఎక్కింది.

ఫిబ్రవరి

ఈ నెలంతా రికార్డు కడగడంతోనే సరిపోయింది. పనికొచ్చిన పద్ధతి రాస్తున్నాను. లీటరు డిస్టిల్డ్ నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు రెండే రెండు చుక్కలు వేసుకోవాలి. మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా రుద్దకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో ఇంకోసారి. గిన్నెలు ఆరబెట్టే స్టాండ్‌లో నిలువుగా పెట్టి రాత్రంతా వదిలెయ్యాలి. మధ్యనున్న కాగితం లేబుల్ తడవకుండా ప్లాస్టిక్ మూత అడ్డం పెట్టాను. మొదటిసారి పెట్టలేదు, లేబుల్ ఒక పక్క ఉబ్బింది.

నాది మోనో కాపీ (కుడి ఎడమలు విడిగా లేకుండా అంతా ఒకే ధ్వని), నంబరు ఎల్ఆర్‌పీ-3034. ఇక్కడో చిక్కుంది. 1957లో వచ్చింది మోనో. ఆ తర్వాత స్టీరియో ఎల్పీలు రావడంతో మొత్తం ఆల్బమ్‌ను మళ్ళీ వాయించి రికార్డు చేశారు. అప్పటికే వైబ్రాఫోన్ వాయించిన ఆర్థర్ లైమన్ విడిపోయి సొంత బృందం పెట్టుకున్నాడు, అతని చోట్లోకి జూలియస్ వెక్టర్ వచ్చాడు. కవరు అదే, పాటలవే, మనిషి వేరు. డెన్నీకి మాత్రం మొదటి మోనోయే ఇష్టమట. రెండూ విన్నాక నేనూ ఆ పక్షమే.

మోనో రికార్డుని స్టీరియో ముల్లుతో కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు కుడి ఎడమలు రెండూ కలిపెయ్యండి. మోనో గాడిలో సంగీతం అడ్డంగానే ఉంటుంది. ముల్లు కిందకీ పైకీ ఊగిందంటే అది దుమ్ము, గీతల పనే. రెండు చానెళ్ళూ కలిపితే ఆ నిలువు చప్పుడు కొట్టుకుపోతుంది. కలిపాక ఒక్కసారిగా గది శుభ్రపడినట్టు వినిపించింది. ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చిటపటలు తీసే ఫిల్టర్ మరీ గట్టిగా వాడకండి. చిటపటలతోపాటు గీరో (కప్ప అరుపు చేసే వాద్యం) చప్పుడు కూడా చచ్చిపోతుంది. నా మొదటి ఫైల్లో కప్పకి జలుబు చేసినట్టుంది.

మార్చి

వినడంతో ఆగుంటే బాగుండేది. ఒక బడి బ్యాండ్ పాత సామాను అమ్మేస్తున్నారని తెలిసి వెళ్ళి, మోటారు పనిచెయ్యని వైబ్రాఫోన్ ఒకటి 900 డాలర్లకి తెచ్చాను. కొత్తదైతే కొన్ని వేల డాలర్లు. ఇంట్లో ఆ అంకె ఇంకా పూర్తిగా చెప్పలేదు.

మూడు ఆక్టేవులు, 37 అల్యూమినియం పలకలు. ఒక్కో పలక కింద ఒక గొట్టం, గొట్టం నోట్లో ఒక బిళ్ళ. మోటారు ఆ బిళ్ళలన్నిటినీ కలిపి తిప్పుతుంది. బిళ్ళ నిలువుగా ఉన్నప్పుడు గొట్టం తెరుచుకుని మోగుతుంది, అడ్డం తిరిగితే మూసుకుని తగ్గుతుంది. ఆ అలలు అలలుగా వచ్చే నాదమంతా దాని మహిమే. మోటారు బాగానే ఉంది, రబ్బరు బెల్టు ఎండి తెగింది, అంతే. హార్డ్‌వేర్ షాపులో గుండ్రటి రబ్బరు వాషర్లు నాలుగు సైజులవి కొంటే మూడోది సరిపోయింది. మూడు డాలర్లు. పలకల్ని పట్టి ఉంచే తాడు కూడా పీచులు లేచింది, అదీ మార్చాను. తాడు బిగుతు తక్కువైతే పలక ఊగి పక్క మేకుకి తగులుతుంది, ఎక్కువైతే నాదం మూగబోతుంది. ఆదివారం మొత్తం దానికే పోయింది.

లైమన్ చిన్నప్పుడు వాళ్ళ నాన్న గదిలో కూర్చోబెట్టి, బెన్నీ గుడ్‌మన్ రికార్డులు పెట్టి, వాటితోపాటు వాయించమనేవాడట. పెద్దయ్యాక నాలుగు మ్యాలెట్లతో (పలకల్ని కొట్టే పుల్లలు) వాయించేవాడు. నేను రెండింటితోనే సతమతమవుతున్నాను. ఇక్కడ అసలు పని చేతులది కాదు, కాలిది. పెడల్ వదిలితే కింద ఫెల్ట్ వచ్చి మోత ఆపేస్తుంది, తొక్కి పట్టుకుంటే పాత స్వరాలన్నీ పేరుకుని పులుసైపోతాయి.

మే

అమ్మ కాకినాడ నుంచి వచ్చి మూడు వారాలైంది.

నేను సొంతంగా ఒక వరస కట్టుకున్నాను. రెండే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు), పదహారు బార్లు (తాళం చుట్లు). కింద ఎడమ చేత్తో కీబోర్డ్ మీద ఒకే వరస. ఇక కప్ప కావాలి. డెన్నీ తన కప్పని గీరోతోనే చేసేవాడు. అది గాట్లు పెట్టిన బోలు కాయ, పుల్లతో గీస్తారు. మన గీరడానికీ ఆ పేరుకీ చుట్టరికం లేదు గానీ గుర్తుపెట్టుకోడానికి భలే వీలు. నా దగ్గరున్నది చెక్కది, గాట్లు సన్నం. రెండు వారాలు గీకాక కాస్త కప్పలా వచ్చింది. చిట్కా ఏమిటంటే, మొదలు నెమ్మదిగా నొక్కి గీసి, చివర్లో చటుక్కున పైకెత్తాలి. ఎత్తకపోతే తలుపు కిర్రుమన్నట్టుంటుంది.

అమ్మకి వినిపించాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

"ఏంట్రా అది?"

"కప్పమ్మా."

"ఒక్కటేనా? కప్ప ఒక్కటే అరవదురా. ఇదంటే అది అందుకుంటుంది. మన చెరువు గట్టున వినలేదూ? ఒకటి ఈ గట్టున, ఒకటి ఆ గట్టున."

నేను వైబ్రాఫోన్ మైకు ఎక్కడ పెట్టాలా అని నెల రోజులుగా తల బద్దలుకొట్టుకుంటున్నాను. ఈవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ స్టీరియో చెప్పేసింది. అదే గీరోని రెండుసార్లు రికార్డు చేసి, ఒకదాన్ని పూర్తిగా ఎడమకీ, ఇంకోదాన్ని అరక్షణం ఆలస్యంగా కుడికీ పెట్టాను. అంతవరకూ గోడకి అతికించినట్టున్న పాట మధ్యలోకి నీళ్ళొచ్చాయి.

అదే వారం షాపులో ఇంకో ఎల్పీ దొరికింది. ఎర్ర రంగు ప్లాస్టిక్, కవరు మీద తలపాగా, దాని మధ్యలో రత్నం. పేరు కోర్లా పండిట్. అమ్మ చూసి "మనవాడేనా?" అంది.

కాదు. ఢిల్లీ బ్రాహ్మణుడి కొడుకునని చెప్పుకున్నాడు. 1949లో లాస్ ఏంజెలిస్ టీవీలో హామండ్ ఆర్గన్ వాయించడం మొదలుపెట్టాడు. కార్యక్రమంలో నోరు విప్పేవాడు కాదు, కళ్ళల్లోకి చూస్తూ వాయించడమే. అసలు పేరు జాన్ రోలండ్ రెడ్. మిస్సోరీలో పుట్టిన నల్లజాతి పాస్టరు గారి అబ్బాయి. 1998లో పోయాడు, సంగతి లోకానికి తెలిసింది 2001లో. నల్లవాడిగా ఉంటే ఆ రోజుల్లో దక్కని కుర్చీ తలపాగా పెట్టుకుంటే దక్కింది. అమ్మ అంతా విని, "పాపం, ఇంట్లో కూడా తలపాగా తియ్యలేదా?" అని అడిగింది. బయటివాళ్ళ ముందు తియ్యలేదు మరి.

ఈ సంగీతమంతా ఇలాంటి వేషమే. పాలినేషియా వాళ్ళ సంగీతం ఇందులో పెద్దగా కనపడదు. జపాన్ తంత్రీవాద్యం కోటో, బర్మా గంటలు, క్యూబా డోలు, న్యూయార్క్‌లో పుట్టిన పియానిస్టు. 'ఆటవికులు', 'నిషిద్ధ ద్వీపం' లాంటి పేర్లు చూస్తే సిగ్గేస్తుంది. టికీ అనేది అక్కడి వాళ్ళు పూజ్యంగా చెక్కుకునే బొమ్మ, దాన్ని వీళ్ళు మద్యం కప్పు చేశారు. ఇవన్నీ ఒప్పుకుంటూనే వింటున్నాను. పసిఫిక్‌లో యుద్ధం చేసొచ్చిన లక్షల మందికీ, ఆ ద్వీపాలకి టికెట్టు కొనలేని వాళ్ళకీ అప్పట్లో ఇది సోఫాలో ప్రయాణం. 1959లో హవాయి రాష్ట్రం కూడా అయింది. మరి ఇప్పుడెందుకు? 1978లో జపాన్ వాళ్ళ ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా డెన్నీ పాట 'ఫైర్‌క్రాకర్'ని సింథసైజర్లతో ఎందుకు వాయించింది? నాకు తోచింది ఒక్కటే: ఇందులో ఖాళీ ఎక్కువ. ఒక స్వరం కొట్టి, అది ఆరిపోయేదాకా ఎవరూ కదలరు. ఆ ఖాళీలోకి కప్ప వస్తుంది, పిట్ట వస్తుంది, వినేవాడూ వస్తాడు.

జూన్

అమ్మని శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకెళ్ళాను, ఫెయిర్‌మాంట్ హోటల్ కింద ఉన్న టోంగా రూమ్‌కి. 1929లో కట్టిన ఈతకొలను చుట్టూ 1945లో బార్ పెట్టారు. బ్యాండు నీళ్ళ మీద పడవలో వాయిస్తుంది. ఉండుండి ఉరుము ఉరిమి, కొలను చుట్టూ వాన పడుతుంది. అమ్మ పైనాపిల్ రసం తాగుతూ "లోపల వానేంట్రా!" అని పైట తల మీదకి లాక్కుంది. తర్వాత కాసేపు చూసి, "వానొచ్చినా కప్పల్లేవే" అంది.

జూలై

బాంగోలకి (చేత్తో వాయించే జంట డోళ్ళు) మా ఆఫీసులో మృదంగం వాయించే స్నేహితుణ్ణి పిలిచాను. చెయ్యి అద్భుతం, కానీ పదహారో బారు వచ్చేసరికి ఆగలేడు. ముచ్చటగా మూడుసార్లు ముగింపు తీర్మానం వేసి నా వైపు చూస్తాడు. "ఇక్కడ ముగింపు లేదు బాబూ, ఊరికే నడుస్తూ ఉండాలి" అంటే బాధపడ్డాడు. ఆఖరికి ఎడమ చేతిలో కాఫీ కప్పు పట్టుకుని ఒక్క కుడి చేత్తో వాయించమన్నాను. అద్భుతంగా కుదిరింది.

ఆగస్టు

అసలు సమస్య గది. లైమన్ తన రికార్డులు అదే హోటల్లో కైజర్ కట్టిన అల్యూమినియం డోమ్‌లో చేశాడు. స్వరం ఆపాక దాదాపు మూడు సెకన్లు గాల్లోనే ఉండేదట అక్కడ. ట్రాఫిక్ చప్పుడు లేకుండా అర్ధరాత్రి దాటాక వాయించేవాళ్ళు. పైన ఏదీ అతికించకుండా అందరూ ఒకేసారి. రాత్రి చల్లబడి డోమ్ కిర్రుమంటే అదీ రికార్డులో పడింది. ఆ డోమ్‌ని 1999లో కూల్చేశారు.

మా బెడ్‌రూమ్‌లో పరుపు, బీరువా, బట్టలు, స్వరం పుట్టకముందే మింగేస్తాయి. కంప్యూటర్లో రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) వేస్తే బాత్రూమ్‌లా ఉంది. అందుకని మా అపార్ట్‌మెంట్ కింద కాంక్రీట్ పార్కింగ్ ఎంచుకున్నాను. చప్పట్లు కొట్టి ఫోన్‌లో చూస్తే రెండు సెకన్ల పైన ఉంది. మేనేజరుగారిని అడిగి, శనివారం రాత్రి పదకొండుకి వైబ్రాఫోన్‌ని లిఫ్ట్‌లో దించాం. గొట్టాలు విడిగా, పలకలు దుప్పట్లో చుట్టి. మైకు వాద్యం దగ్గర ఒకటి, పన్నెండు అడుగుల దూరంలో ఒకటి. దూరపు మైకుదే అసలు పాట, దగ్గరది కొంచెం కలిపితే చాలు. మోటారు కనిష్ఠ వేగంలో పెట్టాను, గది మోత తోడైతే అంతకన్నా అక్కర్లేదు.

పిట్ట కూత నేనే కూశాను. ఐదో టేక్‌లో ఎవరో కారు లాక్ చేశారు. ఆ 'కీచ్' మా శ్రుతికి అర స్వరం పైన పడింది. దానికి నేను కూత వేశాను, స్నేహితుడు నవ్వాపుకుంటూ బాంగో ఆపలేదు. ఉంచేసింది ఆ టేకే.

అమ్మ అప్పటికి వెళ్ళిపోయింది. వాట్సాప్‌లో పంపాను. మర్నాడు పొద్దున్నే ఫోన్.

"బాగుందిరా. కానీ రెండో కప్ప ఏదీ?"

ఆవిడ ఫోన్‌కి ఒకటే స్పీకరు. కుడి ఎడమలు కలిసిపోయి, ఒకే గీరో కావడంతో రెండు కప్పలూ ఒక్క కప్పైపోయాయి. మోనో కాపీ కోసం అంత లెక్చర్ ఇచ్చిన నేను సొంత పాటని ఒక్కసారి కూడా మోనోలో వినలేదు.

గాట్లు వెడల్పుగా ఉన్న సొరకాయ బుర్ర గీరో తెప్పించాను, పద్దెనిమిది డాలర్లు. దీని గొంతు బొంగురు. ఆ గట్టు కప్ప ఇదే అవుతుంది. పార్కింగ్ మళ్ళీ వచ్చే శనివారం దొరుకుతుందన్నారు.